అమ్మకు ఇవ్వని దారి

కుప్పం,
ఆదివారం, ఆరాధన ముగిశాక

ప్రభువు రెక్కల నీడలో ఉన్న మా పెద్దక్క రూతమ్మకు, తమ్ముడు దానియేలు వందనాలు చెప్పి రాసేది ఏమంటే, ఇక్కడ నేను, సులోచన, పిల్లలిద్దరూ ఆయన దయవల్ల తిని తిరుగుతున్నాం. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావ మదనపల్లె టమోటా మార్కెట్టుకు లోడింగు పనికి పోతున్నాడా, లేక నడుము పట్టిందని మళ్లీ మానేశాడా? అంగళ్లు ఊరి కాలేజీలో చదివే పాపకు పొద్దున బస్సు అందుతోందా? ఎర్రావు ఈనిందని విన్నాను గానీ, పుట్టింది పెయ్యదూడో కోడెదూడో ఎవరూ చెప్పలేదు. అది తప్పకుండా రాయి.

ఫోను ఉండగా వీడు ఉత్తరం ఎందుకు రాశాడని అనుకుంటావు. ఫోను చేస్తే బావ స్పీకరు పెడతాడు. ఆయన స్పీకరు పెడితే చౌడేపల్లె దాకా వినిపిస్తుంది. ఇది మామిడితోట గంగులప్ప చెవిలో అప్పుడే పడకూడని విషయం. చదివి బైబిల్లో పెట్టుకో. ఆ ఇంట్లో దాన్ని తెరిచేది నువ్వొక్కదానివే కాబట్టి భయం లేదు.

ముందు మా సంగతులు. ఊరు వదిలి ఇక్కడికి వచ్చాక ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచిపోయాయి. గ్రానైటు రాళ్లకు నునుపు పట్టే యూనిట్లోనే ఉన్నాను. మిషను తిరుగుతున్నంతసేపూ రాయి మీద నీళ్లు పారుతూ ఉండాలి. సాయంత్రానికి తెల్లటి బురద చేతిగీతల్లోకి దిగి ఎండిపోతుంది. ఎంత తోమినా అన్నం కలిపేటప్పుడు రాయి వాసన వస్తుంది. కొంచెం దగ్గు ఉంది, పెద్దదేం కాదు, నువ్వు బెంగ పెట్టుకోవద్దు. సంగటికి లోటు లేదు. అయితే ఇక్కడి మరలో రాగులు మరీ మెత్తగా పట్టిస్తారు, మన గరుకు ఉండదు. ఎవరైనా ఈ పక్కకు వస్తుంటే మన పిండి కొంచెం, నీ చింతకాయ పచ్చడి కొంచెం పంపించు.

మా వీధిలో ఒకామె తమిళంలో తిడుతుంది, ఎదురింటామె కన్నడంలో జవాబు చెప్తుంది, మధ్యలో ముసలాయన తెలుగులో సర్దిచెప్తాడు. ముగ్గురికీ అన్నీ అర్థమవుతాయి. అపొస్తలుల మీదికి అగ్ని నాలుకలు దిగి పరభాషలు వస్తేగాని జరగని పని ఇక్కడ కొళాయి దగ్గర రోజూ జరుగుతోంది.

ఒంటరితనం మాత్రం ఉందక్కా. స్టేషను వెనక రేకుల గదిలో ఆరాధనకు కూడుకుంటాం. వచ్చేది కొద్దిమంది, వాళ్లూ మెత్తని మనుషులు. నేను గొంతెత్తితే ఉలిక్కిపడతారు. అసలు మాటకు వచ్చేసరికి రైలు వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది. మన ఊళ్లో నేను ఒక వాక్యం చెప్తే నువ్వు వెనక నుంచి ఆమేన్ అనేదానివి. అది లేక నా ప్రసంగం ఉప్పు వేయని పులుసులా ఉంది.

ఇక అసలు విషయం. రాష్ట్రం దాటే మాట ఫోనులో బావ చెవిన ఒక ముక్క వేశాను, దాని వివరం ఇదీ. సులోచన తమ్ముడు రాజు కర్ణాటకలో, కోలారు పక్క మాలూరు దగ్గర ఒక పిల్లల హాస్టల్లో మాకిద్దరికీ పని చూశాడు. నాకు కాపలా, సులోచనకు వంట. ఉండటానికి రెండు గదులు ఇస్తారు. బడి గోడ అవతలే ఉంది. వేసవి సెలవులు ముగిసి బడి తెరిచేలోపు వస్తామో రామో చెప్పాలి. లేకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటారు.

సులోచన ఆ మాట విన్న రోజే గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

"ఈడ నువ్వు రాయి తోమతాండావు, నేను నీ దగ్గు ఇనుకుంటా కూసోనుండా," అంది. "ఆడికి పోతే ఇద్దరికీ పని, దుమ్ము లేని గాలి. ఇంకా యాల ఆలోచన?"

"రాష్ట్రం దాటాల కదా," అన్నాను. "పిల్లోల్లకు కన్నడం రాదు. కార్డులు, సర్టిఫికెట్లు అన్నీ ఈ రాష్ట్రానివి. ఆడ మల్లా మొదటినుంచి ఆఫీసుల సుట్టూ తిరగాల."

మా పాప హెప్సీ పక్కనే ఉండి, రైల్లో పారేసిన కన్నడ పేపరు ముక్క నా ముందు పరిచింది. "సూడు నాయనా, మన అచ్చరాలే ఇవి. తల దువ్వుకోవడం ఒకటే వేరే," అంది. చిన్నోడు మాత్రం ఆడ సంగటి పెడితేనే వస్తానన్నాడు. కోలారు పక్క సంగటి లేకపోవడమేమిటని వాళ్లమ్మ నవ్వింది. అలా నా సాకులన్నీ ఒక్క పూటలో రాలిపోయాయి.

అవి సాకులేనని నీకు తెలుసు. నన్ను పట్టి ఆపేది రోడ్డు పక్కన ఉన్న మన అరెకరా. అది నీ పేరా, నా పేరా నాయన వదిలిపోయిన నేల. దాని వెనక గంగులప్ప మామిడితోట. నేను కుప్పం వచ్చినప్పటి నుంచి పలమనేరు మీదుగా బస్సులు మారి వచ్చి, దున్ని, ఉలవలు చల్లి, గట్టు చూసుకుని పోతున్నాను. రాష్ట్రం గీత దాటి మాలూరు పోతే అంత తరచుగా రాలేను. నేను రానని తెలిసిన మరునాడే వాడు గట్టు దాటతాడు.

అమ్మ పోయిన రోజు నీకు గుర్తుచేయనక్కర్లేదు. అయినా రాయకుండా నా చెయ్యి ముందుకు పోవడం లేదు. తాతల నాటి నుంచి మన శవాలు ఆ తోట అంచు వెంబడే సమాధుల తోటకు పోయాయి. ఆ రోజు మనం అమ్మను భుజాలమీద పెట్టుకుని వెళ్తే కంచె వేసి ఉంది, గేటుకు తాళం ఉంది, తాళంచెవి వాడి మొలతాడుకు వేలాడుతోంది.

"తోట పూత మీద ఉండాది," అన్నాడు, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ. "శవం పోతే పూత రాలతాది. సుట్టూ తిరిగి చెరువులో పోండి."

చెరువులో మోకాలి లోతు బురద. మన సంఘం పెద్ద మత్తయ్య తాత జారి మోకాళ్లమీద పడ్డాడు, పాడె ఒక పక్కకు ఒరిగింది, అమ్మ చెయ్యి బయటికి వచ్చింది. సమాధుల తోట దాకా పోలేక ఒడ్డునే గుంట తీశాం. ఆ ఏటి వానలకు చెరువు నిండి ఆమె మీదికి నీళ్లు వచ్చాయి. ఆమె వాళ్ల తోటలో కాయలు ఏరి, గంపలు మోసి, నడుము వంగిపోయిన మనిషి. ఆమె చేతులతో నాటిన చెట్ల పూత ఆమె శవాన్ని చూసి రాలుతుందట.

తరువాతి ఆదివారం నేను మైకు పెట్టి, అహాబు రాజు నాబోతును చంపించి లాక్కున్న ద్రాక్షతోట గురించి చెప్పాను. నేను అహాబు అన్నచోటల్లా ఊరు గంగులప్ప అని విన్నది. అలా వినాలనే చెప్పాను. ఆ వారం నుంచి నాకు ఏ చేనులోనూ పని లేదు. ఊరు వదలడం అలా వచ్చింది.

మొన్న ఉలవలు కొట్టి తిరిగి వస్తుంటే పుంగనూరు బస్టాండులో వాడే ఎదురయ్యాడు. పిలిచి, నేను వద్దంటున్నా టీ చెప్పాడు.

"ఏం దానేలూ, రాష్ట్రమే ఇడిసిపెట్టి పోతాండావంట."

"ఎవురు సెప్పినారప్పా?"

"మీ బావే. మంచిదే లే. పోయేటోనికి సేనెందుకు? నాకిచ్చి పో. కాయ కోతకొచ్చే లోపల లారీ నేరుగా తోటలోకి దిగల్ల. ఇప్పుడు రోడ్డు దాకా గంపలు మోయించాలంటే కూలోల్లు యాడ దొరకతాండారు?"

"అంటే దారి కావాలంటావు."

"దారే. రాళ్లు తప్ప ఇంకేముండాది ఆ సేన్లో?"

"సుట్టూ తిరిగి చెరువులో రమ్మనప్పా లారీని."

వాడు నవ్వాడక్కా. కోపగించుకున్నా బాగుండేది. "ఇంకా అదే పట్టుకోనుండావా? నువ్వు పోయినాక దున్నేదెవురు? ఈ ఏడు నా దూడలు మేస్తాయి, వచ్చే ఏడు నా టాక్టరు తిరగతాది. అడగకుండానే దారి పడతాది," అని లేచి పోయాడు. టీ గ్లాసును నేను ముట్టలేదు. మీగడ కట్టేదాకా దాన్ని చూస్తూ కూర్చుని బస్సు ఎక్కాను.

మన అమ్మకు దారి ఇవ్వనివాడు వాడి మామిడికాయలకు మన చేనులో దారి అడుగుతున్నాడు. ప్రార్థనకు మోకరిస్తే వాడి పూతకు మంచు పడాలని, కాయకు పురుగు పట్టాలని, వాడి బోరులో గాలి రావాలని నోటికి వస్తుంది. దావీదు కూడా శత్రువుల పళ్లు విరగగొట్టమని అడిగినవాడే కదా అని నాకు నేనే చెప్పుకుంటాను. పగ దేవునిదని జనానికి చెప్పేది నేనే. ఆయన చేతిలోనే పెట్టాను. కానీ రోజూ పోయి, ఇంకా ఎందుకు తీర్చలేదని తలుపు కొడుతున్నాను.

అందుకే మాలూరు పోననేశాను. నేను పోతే దానేలు ఓడిపోయి పారిపోయాడని వాడు ఊరంతా చెప్పుకుంటాడు. దుమ్ము తిననీ, దగ్గనీ, ఇక్కడే ఉంటానన్నాను. సులోచన చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా మాట్లాడింది.

"ఆ గంగులప్పకు జీతగాడుంటే కూడా ఇంత నమ్మకంగా ఉండడు. పొద్దున లేస్తే ఆయన తోటే, పండుకుంటే ఆయన గట్టే. నిన్ను ఈడ కట్టేసినాడు. పలుపు మాత్రం నీ చేతిలోనే ఉండాది సూడు."

"నాకు మా అమ్మ," అన్నాను.

"నాకు అత్త కాదా? పాడె ఒరిగినప్పుడు ఆ చెయ్యి లోపల పెట్టింది నేను. నాకూ మండతాండాది. ఆ మంట మీద నా బిడ్డల్ని మాత్రం కాల్చుకోలేను."

బుధవారం కూటానికి వాక్యం చూసుకుంటుంటే ఆ మాటకు జవాబు అక్కడ దొరికింది. అబ్రాహాము బతుకంతా డేరాల్లో తిరిగాడు. పరాయి నేలలో ఆయన పట్టుబట్టి సొంతం చేసుకున్నది ఒక్క చేను, భార్యను పాతిపెట్టడానికి. యోసేపు ఐగుప్తులోనే బతికి అక్కడే చచ్చాడు, అయితే తన ఎముకలను మాత్రం సొంత నేలకు మోసుకుపోతామని తనవాళ్లచేత ఒట్టు పెట్టించుకున్నాడు. వాళ్లిద్దరూ నేల వదిలినవాళ్లే. వాళ్లను ఓడిపోయినవాళ్లని ఎవరూ అనలేదు. ఇన్నేళ్లు చదివి చెప్పినవాణ్ణి, నాకే ఇంత ఆలస్యంగా తలకెక్కింది.

మన పక్క ఆచారం నీకు తెలుసు. సమాధి పడిన నేల మీద ఎవరూ నాగలి పట్టరు, చక్రం తిప్పరు. పొలం పాళ్ల తగాదాలో తలలు పగలగొట్టుకునేవాళ్లు కూడా ఆ పని చేయరు. గంగులప్ప తోటలో వాళ్ల అవ్వ సమాధి ఉంది. బోరు పైపు దానికి అడ్డం వచ్చిందని పైపునే వంకర తిప్పించాడు. దేవుడికి భయపడతాడో లేదో గాని, సమాధికి భయపడతాడు.

కాబట్టి మన అరెకరా సంఘానికి సమాధుల తోటగా ఇచ్చేద్దాం. రోడ్డు పక్కనే కాబట్టి మన శవాలకు ఇంకెవడి తాళంచెవీ అక్కర్లేదు. వాడి లారీకి దారి ఎప్పటికీ లేదు. పొద్దున వాడు తోటింటి అరుగుమీద కూర్చుని కాఫీ తాగేటప్పుడు ఎదురుగా మన సిలువలు కనిపిస్తాయి. కనిపించాలి. నేను మాలూరులో హాస్టలు గేటు దగ్గర కూర్చుని ఆ కాఫీ చేదును తలుచుకుంటాను. ఇది క్షమాపణ కాదని నాకు తెలుసు. అయినా ఇందులో అబద్ధం లేదు, వాడిది ఒక్క ఆకు ముట్టుకున్నది లేదు. దేవుడు దీన్ని కాదంటే తీర్పు రోజున ఆయన ముందు నిలబడి చెప్పుకుంటాను.

మత్తయ్య తాతకు ఫోను చేసి ఒక్కడికే చెప్పాను. కాసేపు దగ్గి, "మొదట నన్నే పెట్టండిరా," అన్నాడు. "తయారుగా ఉండా. గంగులప్ప మొగం ఎట్లుంటాదో నేను సూడలేనే, అదొక్కటే కొరత." తొందరేం లేదు తాతా అంటే, "నీకు లేదు, నాకుండాది," అన్నాడు. అమ్మను మాత్రం కదిలించవద్దు. ఆమె ఒకసారి మోయించుకున్న బాధ చాలు. యూనిట్లో పగిలి పక్కన పెట్టిన నల్లరాయి ఒకటి అడిగి తీసుకుని నునుపు పడుతున్నాను. దానిమీద ఆమె పేరు చెక్కించి చేను మొదట్లో నిలబెడదాం.

పంచాయతీ తీర్మానం కావాలంటున్నారు. మన వార్డు మెంబరు మాట ఇచ్చాడు. మిగిలింది నీ సంతకం. నేను గీత దాటి పోతాను, వాడి కోపం పడేది ఊళ్లో ఉండే నీమీద. పాలకేంద్రం దగ్గర మాటలు అంటారు, బావ గొణుగుతాడు. నీకు భయమైతే ఒక్క ముక్క రాయి. మాలూరు మాట మరిచి నేను ఇక్కడే ఉండి గట్టు కాస్తాను, నిన్ను తప్పు పట్టను. సరేనంటే ఈ నెలలోనే వచ్చి కాగితం పని ముగించి, సులోచననూ పిల్లలనూ తీసుకుని రైలెక్కుతాను.

సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు. పాపకు దీవెనలు. బావకు నమస్కారం చెప్పు, నోరు కట్టుకోమని కూడా చెప్పు. మా ప్రయాణం కోసం, సులోచన కోసం, నా దగ్గు కోసం ప్రార్థించు. నా గుండెలో ఉన్నదాని కోసం కూడా ప్రార్థించు, అయితే అది చల్లారాలని మరీ గట్టిగా అడగవద్దు.

చివరగా యోసేపు అడిగిందే నేనూ అడుగుతున్నాను. మాలూరులో నాకు ఎప్పుడు ఏమైనా నన్ను అక్కడ పెట్టనివ్వొద్దు. పుంగనూరు మీదుగా తెప్పించి, వాడి తోటింటికి ఎదురుగా, మన చేను పక్క రోడ్డుమీద బండి ఆపి దించండి. అక్కడి నుంచి భుజాలమీద మోయండి. కాయ కోత రోజులైతే ఇంకా మంచిది. ఏడ్చేది ఇంట్లోనే ఏడ్చి రండి. ఆ నాలుగడుగులు మాత్రం తల ఎత్తి, పాటలో ఒక్క చరణం కూడా వదలకుండా, మెల్లగా నడవండి.

నీ దీవెన కోరే తమ్ముడు,
దానియేలు