పెరటాసిలో విటమిన్ మాత్రలు

సెప్టెంబర్ 18, గురువారం, ఉ. 6:40
యాభై నిండాయి. జబ్బేమీ లేదు. వచ్చేముందే అడ్డుకోవాలి! బామ్మర్ది మునిశేఖర్ మందుల షాపులో విటమిన్ క్యాప్సూల్స్ కొన్నాను. రోజుకొకటి, ముప్పై రోజులు. నిన్నే వెంకన్న నెల పెరటాసి మొదలు, ఇంట్లో నెలంతా నీసు బంద్. ఆ లోటూ ఇదే తీరుస్తుంది. మొదటిది దేవుడి పటం ముందు పెట్టి, కళ్ళకద్దుకొని మింగాను.

సెప్టెంబర్ 20, శనివారం
నా పంక్చర్ షాపులో లారీ టైరు ఒక్కణ్ణే లేపాను. రోజూ లేపేదే. ఇవాళ విటమిన్‌తో లేపాను.
సాయంత్రం బేకరీ దగ్గర మునిశేఖర్ ఎగ్ పఫ్‌తో దొరికాడు. పెరటాసి శనివారం! వీధంతా వినేలా అడిగాను: "ఏమప్పా, లోపలుండేది కోడిగుడ్డా, ఉర్లగడ్డా?" వాడి అక్కకు, అంటే నా పెళ్ళాం జ్ఞానాంబకు, ఫోన్ చేసి మరీ చెప్పాను.

సెప్టెంబర్ 25
ఒంటేలు పసుప్పచ్చగా పోస్తున్నాను. పనిచేస్తున్నట్టే.

సెప్టెంబర్ 28
రెండు రోజులు మరిచాను. ఇవాళ మూడు మింగాను. కడుపులో తిప్పుడు. బలం ఒకేసారి వస్తే అంతేనేమో.

అక్టోబర్ 1
మునిశేఖర్ నవ్వుతూ వచ్చాడు.
"ఎన్ని మింగినావు బావా?"
"పద్నాలుగు."
"పైతొడుగు జెలటిన్. పశువుల ఎముకలు, తోలు ఉడకబెట్టి తీస్తారు. డబ్బా మీదే ఉండాది, సూడు."
"ముందే చెప్పేదానికేమిరా!"
"ఆ పొద్దు శనివారం షాపు మూసినాక చెప్దామనే ఉంటిని. బేకరీ కాడ నా పరువు తీసి నువ్వే ఆపినావు. ఈ శనివారం వెంకన్నకు నైవేద్యం పెట్టే తళిగలో అక్క నీతో దీపం పెట్టిస్తాదేమో సూద్దాం."
ఏటా దీపం పెట్టేది, గోవిందా అని కేక పెట్టేది నేనే. ఒప్పుకోవాలి, వాడి చోట నేనైతే ముప్పయ్యోది మింగేదాకా ఆగేవాణ్ణి.

అక్టోబర్ 2
తొడుగు విప్పి, పొడి మాత్రం సంగటిలో కలిపాను. ఒకటే చేదు. కోడికి వేస్తే అదీ ముట్టలేదు. మాత్రలు బంద్.

అక్టోబర్ 3
మాత్రలు ఒంటికి పట్టలేదని సాక్ష్యం కావాలి. రక్తపరీక్ష చేయించాను. డాక్టరమ్మ చెప్పింది: "మీకు ఏ లోపమూ లేదు. సంగటి, పప్పు, ఆకుకూర చాలు. ఆరోగ్యంగా ఉండేవాళ్ళకు ఈ మాత్రలతో పెద్ద లాభం లేదు." ఇంత మంచి మాట ఏ డాక్టరూ చెప్పలేదు.

అక్టోబర్ 4, తళిగ
మునిశేఖర్ జ్ఞానాంబకు ముందే చెప్పేశాడు. నా వాదన వినిపించాను.
"ఒంటికే పట్టలేదంట. పట్టనిది తిన్నట్టు ఎట్లయితాది?"
"మరి ఎందుకు మింగినావయ్యా?" అంది జ్ఞానాంబ.
"బలానికి."
"వచ్చిందా?"
వచ్చిందంటే నీసు తిన్నట్టు. రాలేదంటే నేను వెర్రివాణ్ణి.
"రాలేదు."
"అయితే తలకు పోసుకోనొచ్చి దీపం పెట్టు." తమ్ముడి వైపు తిరిగింది. "తెలిసి అమ్మినోడివి నువ్వు. వాకిట్లోనే నిలబడు."
గోవిందా కేక చంద్రగిరి కోట దాకా వినిపించి ఉంటుంది.

అక్టోబర్ 19, ఆదివారం
పెరటాసి అయిపోయింది. పొయ్యి మీద కోడికూర. డబ్బాలో ఇంకా పదిహేను ఉన్నాయి. ఇప్పుడవి పనిచేసినా ఎవరికీ ఇబ్బంది లేదు.
రేపు 6:40కి మొదటిది.