మేనమామ అభ్యంతరం

నర్సీపట్నం,
మే 6.

ఎండ. తొమ్మిది గంటలకే వడగాలి. జీడిమామిడి అంట్ల మీద తాటాకు పందిరి సరిచేశాను.

ప్రొఫెసర్ దయావతి గారికి, ఏసుపాదం వందనాలు.

మా చెల్లెలు బేబి కూతురు కెజియా మీ దగ్గర పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టి, తనకు పని నేర్పినవాడినని నా పేరు ఇచ్చిందట. ఆమె గురించి అభిప్రాయం రాయమన్నారు. ఫోనులో నాకు మాట పెగలదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

పిల్ల మంచిది. పని చేస్తుంది.

ఇట్లు,
ఏసుపాదం,
అంట్ల నర్సరీ.

తా.క. ఇంతకు మించి రాయడం నాకు చేతకాదు. నా రోజువారీ పుస్తకంలో ఏ చెట్టు గురించీ ఇంత పొడుగు రాయలేదు.

---

విశాఖపట్నం,
మే 13.

ఏసుపాదం గారికి వందనాలు.

మీ ఉత్తరం అందింది. అందులో కెజియా గురించి నాలుగు మాటలున్నాయి. లెక్కపెట్టాను. మాకు ఇంకొంచెం తెలియాలి.

పిల్లను మేమంతా చూశాం, నచ్చింది. ఐదేళ్ళు మా మధ్య ఉండాల్సిన మనిషి గనుక మేనమామగా మీరు ఏదీ దాచకుండా చెప్పాలి. కోపం ఎలాంటిది? నలుగురితో సర్దుకుపోతుందా? మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తుందా? లోపాలేమైనా ఉన్నాయా? జూన్ మొదటివారంలో పెద్దలం కూర్చుని ఖాయం చేసుకుంటాం. ఈలోపు రాయండి.

మీ జవాబు కోసం చూస్తూ,
దయావతి.

తా.క. మా ఇల్లు క్యాంపస్‌లోనే. ఉండేది నేనూ కిరణ్ బాబూ ఇద్దరమే. కిరణ్ బాబుకు వంట బాగా వచ్చు. కెజియాకు భోజనానికి ఇబ్బంది ఉండదు.

---

నర్సీపట్నం,
మే 19.

మబ్బు పట్టింది, చినుకు పడలేదు. మోటారు ఫుట్‌వాల్వు కడిగి బిగించాను.

దయావతి గారికి వందనాలు. పెట్టాలని లేదు. అలవాటు కొద్దీ పెడుతున్నాను.

మీ ఉత్తరం నా దగ్గర అంట్లు కట్టే సోములుకు చదివి వినిపించాను. "ఇది సంబంధమేనండి బాబూ. సదువు సంగతయితే మాస్టర్ని అడుగుతారు. మేనమావని అడిగేరంటే పెళ్ళే, ఇంకేటి?" అన్నాడు. ముగ్గురు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసినవాడు. వాడి మాట కొట్టెయ్యలేను.

పిల్ల సీటు అడిగితే మీరు పిల్లనే అడుగుతారా? అది చదువు చెప్పే చోటా, సంబంధాలు కుదిర్చే కొట్టా? పైగా ఐదేళ్ళని గడువు ఒకటి. ఆ తరవాత ఏం చేస్తారు, వెనక్కి పంపేస్తారా? మీ కిరణ్ బాబు ఉద్యోగం ఏమిటో రాయలేదు. వంట వచ్చునని రాశారు. అర్థమైంది.

లోపాలు అడిగారు గనుక వినండి. పొయ్యి మీద కోడిగుడ్ల కూర పెట్టి, జీడిచెట్టు మొదట్లో పురుగు తొలిచిన పొట్టు ఎంత రాలిందో చూసి వస్తానని వెళ్తుంది. కూర మాడి, గిన్నె మాడి, ఇల్లంతా పొగ కమ్మాక తిరిగొచ్చి "పొద్దుటికన్నా రెండు చెంచాలు ఎక్కువ రాలింది మావయ్యా" అంటుంది. కాండం తొలిచే పురుగుల్ని పచ్చడి జాడీలో పెంచింది. పాస్టరు గారు భోజనానికి వచ్చిన రోజే మా బేబి ఆ జాడీ మూత తీసింది. ఆయన మా ఇంట్లో మళ్ళీ పచ్చడి వేసుకోలేదు.

మీ అబ్బాయికి ఇలాంటి పిల్ల సరిపడదు. వేరే చోట చూసుకోండి.

ఇట్లు,
ఏసుపాదం.

తా.క. సర్దుకుపోతుందా అని అడిగారు. పోదు.

---

విశాఖపట్నం,
మే 25.

ఏసుపాదం గారికి వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాం. కిరణ్ బాబు మూడుసార్లు చదివాడు. జాడీ సంగతి విన్నాక కెజియా మీద మాకు ఇష్టం పెరిగింది. దయచేసి ఇంకొన్ని లోపాలు రాయండి.

ఒక్క సందేహం. ఆమెకు మీ దగ్గరలోనే గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చేలా ఉందని విన్నాం. ఇక చదువు ఆపేసి అందులో చేరి స్థిరపడితే మేలు కదా? ఆడపిల్లకు ఇంకా చదువెందుకని మీ ఇంట్లోనూ అనుకుంటూ ఉంటారు. మీ ఉద్దేశం తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది.

గౌరవంతో,
దయావతి.

తా.క. మాడిన కూర కిరణ్ బాబుకు అభ్యంతరం కాదట.

---

నర్సీపట్నం,
మే 30.

పిడుగులు. గాలికి పందిరి లేచిపోయింది. మళ్ళీ కట్టాను.

దయావతి గారికి. ఈసారి వందనాలు లేవు.

చదువు ఆపమనడానికి మీరెవరు? మీరు ప్రొఫెసరా? చదువు కూడు పెట్టిన మనిషే ఇంకొకరిని చదవొద్దంటే వినడం ఇదే మొదలు.

మా బేబి కూడా మీలాగే మాట్లాడుతోంది. "ఉజ్జోగం సేతిలో ఉంది, సంబంధం గుమ్మంలో ఉంది, ఇంకా ఏటి కావాలన్నియ్యా?" అంటుంది. ఏం కావాలో చెబుతాను.

నేను ఏడో తరగతి దాకా చదివాను. ముప్పై ఏళ్ళుగా రోజూ రాస్తున్నాను. కొయ్యూరు దారిలో మెరక మీది చెట్లు ఎండిపోతుంటే, పదకొండేళ్ళు "గాలికి పోయింది" అని రాశాను. కెజియా ఒక్క వేసవి ఆ చెట్ల కింద కూర్చుని, బెరడు విప్పి చూసి, అది గాలి కాదు, పురుగు అని తేల్చింది. నా పుస్తకంలో పదకొండేళ్ళ "గాలి" ఎర్ర పెన్నుతో కొట్టేసింది. సోములు చూస్తుండగా. ఇదిగో, ఇంకో లోపం.

పురుగుమందుల డీలరు వచ్చి ఫలానా మందు పోయమంటే, "పోయని సెట్టు పక్కన పెట్టి సూసేరా?" అని అడిగింది. అతను మా వీధి మొహం చూడడం మానేశాడు. ఇంకో లోపం. తనకు తెలియనిది పెద్దల ఎదుట కూడా "నాకు తెలీదు" అనేస్తుంది. ఇంకో లోపం.

చెట్టు చచ్చిందని రాయడం నాకు వచ్చు. ఎందుకు చచ్చిందో రాయడం ముప్పై ఏళ్ళయినా రాలేదు. ఆ పిల్లకు వస్తుంది. అందుకు ఐదేళ్ళు చదవాలంటే ఐదేళ్ళూ చదవాలి. ఉద్యోగం ఆగితే ఆగనీ. పెళ్ళి ఆగితే మరీ మంచిది.

వెళ్ళమంటావా అని నన్ను మూడుసార్లు అడిగింది. "సూద్దాం" అన్నాను. అది వెళ్ళిపోతే నా తప్పులు దిద్దేవాళ్ళు ఉండరని అలా అన్నాను. ఆ లోపం నాది, పిల్లది కాదు.

మీరు పెళ్ళి ఖాయం చేస్తే చర్చిలో మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి కదా. అభ్యంతరం ఉన్నవారు చెప్పండి అంటారు. మూడుసార్లూ నేనే లేస్తాను. మనుషుల్లో నోరు తెరవనివాడినని పేరున్నా లేస్తాను.

ముందు ఆ పిల్లకు సీటు ఇవ్వండి.

ఏసుపాదం.

తా.క. కిరణ్ బాబును ఏదైనా పని వెతుక్కోమనండి.

---

విశాఖపట్నం,
జూన్ 8.

ఏసుపాదం గారికి హృదయపూర్వక వందనాలు.

ఉన్నది ఒక్క సీటు, పోటీలో ముగ్గురు. మిగతా ఇద్దరి గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒక్క లోపమూ లేదు. ఆ మనుషులు ఎలాంటివాళ్ళో మాకు తెలియలేదు. మీ ఉత్తరాలు కమిటీకి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. సీటు కెజియాకు వచ్చింది.

ఇక క్షమాపణ. మీ నాలుగు మాటల ఉత్తరం చూసి, దీనితో సీటు రాదని కెజియాకు ఫోను చేశాను. ఆమె ఒక చీటీ పంపింది. అందులో ఉన్నది ఇది:

"మేడమ్, మా మావయ్య మెచ్చుకుంటే రెండు ముక్కలే రాస్తాడు. కోపం వస్తేనే మొత్తం రాస్తాడు. సంబంధం అడిగినట్టు అడగండి. సీటు ఎలా ఉన్నా, నన్ను వెళ్ళమంటాడో లేదో నాకు తెలియాలి. ఎదురుగా అడిగితే చెప్పడు. ఆయన వద్దంటే దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను."

అందుకే మీ చివరి ఉత్తరం నకలు ఆమెకు పంపాను.

మీ కోపానికి కృతజ్ఞతతో,
దయావతి.

తా.క. కిరణ్ బాబు మా ఆయన. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. బ్యాంకులో పని. పని వెతుక్కోమన్న మీ సలహా మా అత్తగారికి చాలా నచ్చింది.

---

నర్సీపట్నం,
జూన్ 14.

తెల్లవారుజాము నుంచి వాన. గట్టు తెగితే పూడ్చాను.

దయావతి గారికి వందనాలు. ఈసారి పెట్టాలనే పెడుతున్నాను. కోపం మాత్రం పోలేదు.

చదువుకున్న మనిషీ, చదవబోయే మనిషీ కలిసి ఏడో తరగతి వాడితో ఆడుకుంటారా? సోములు అయితే "నానేటన్నాను? సంబంధంనాగే ఉందన్నాను, సంబంధమన్నానా?" అని మాట మార్చేశాడు. మా బేబి రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. కిరణ్ బాబు గారికి నా క్షమాపణ చెప్పండి. తన సంగతి తెలిసీ మూడుసార్లు చదివి ఊరుకున్నందుకు ఆయన కూడా నాకు ఒకటి బాకీ.

సీటు కాగితాలకని విశాఖ వెళ్ళిన కెజియా పొద్దున్న బస్సు దిగి నేరుగా నర్సరీకి వచ్చింది. ఈ ఉత్తరం రాస్తుంటే ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. "కాగితం మీద సెప్పీసావు కదా మావయ్యా. ఇప్పుడు నోటితో సెప్పు. ఎల్లనా?" అంటోంది. సోములు పని ఆపి చెవి ఇటు పెట్టాడు.

మీకు రాసినంత తేలిక కాదు ఇది. కలం కింద పెడుతున్నాను. ఈ రోజు పని: వానకు ఒరిగిన అంట్లకు ఊతకర్రలు కట్టాలి. అంతకన్నా ముందు, పిల్లకు నోటితో "ఎల్లు" అనాలి.