అర్థం అడిగిన శిష్యుడు

ఏలూరు, 12-8-1934

తాడేపల్లిగూడెం పాండురంగారావు గారికి, ఏలూరులో పుస్తకాలు బైండింగు చేసే ముసలివాడు సలాములతో రాసుకున్న మనవి.

మీ తమ్ముడు శాస్త్రి గారిని నేనే మా మతంలో కలిపానని కబురు పంపారు. అది నిజమో కాదో నాకే తెలియడం లేదండీ. రెండేళ్ళ కిందట వారు మా ఇంటికొచ్చి, "ఖురానును ఖండిస్తూ గ్రంథం రాయాలండీ, అరబ్బీ అక్షరాలు నేర్పండి" అన్నారు. నేర్పాను. నాకు చదవడమే వచ్చు, అర్థం రాదు. వారు నిఘంటువులు తెప్పించుకొని అర్థం పట్టుకున్నారు.

పోయిన నెల ఒక శుక్రవారం వచ్చి, "రాసిందంతా చించేశానండీ. మీ ముందే కలిమా చెప్పి ముసల్మానునవుతాను" అన్నారు. నేను హడలిపోయి, "మీ అన్నగారినడిగి రండి" అన్నాను.

"ఇన్నేళ్ళూ రోజూ ఖురాను చదువుతున్నారు గదా, ఇందులో ఏముందో మీరెవరినైనా అడిగారాండీ?" అన్నారు.

వారు కలిమా చెప్పారు, నేను విన్నాను. ఇప్పుడు రోజూ నేనే వారి దగ్గర కూర్చుని అర్థం చెప్పించుకుంటున్నాను. మరి ఎవరు ఎవరిని కలిపినట్టో నాకు బోధపడడం లేదు.

తప్పు నాదైతే నన్ను దండించండి. మంచం పట్టిన మీ అమ్మగారిని చూడడానికి మాత్రం వారిని రానివ్వండి. గడప దాటవద్దంటే వీధి అరుగు మీదే కూర్చుంటారట.

ఏమీ తోచక రాసినది, మన్నించాలి.