బావినీళ్ళలో పసుపు చేపలు

అమ్రాబాద్,
12-3-1964.

చిరంజీవి ఎల్లేశానికి,

నీ బాపు మైసయ్య నెత్తిన చెయ్యి పెట్టి దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మ, మన గొర్లు అందరం బాగున్నాం. ఈసారి బాగున్నవాళ్ళ లెక్క ఇంకా పెద్దది కొడుకా. నీ పసుపు చేపలు పిల్లలు పెట్టాయి.

సముద్రం ఒడ్డు నుంచి బొటనవేలంత చేపలు రెండు తెచ్చి, ఇవి మన బావినీళ్ళలో పిల్లలు పెడితే చేపల ఆఫీసులో నీ కొలువు పక్కా చేస్తానని మీ సారు మాటిచ్చాడని చెప్పిపోయావు. ఉప్పులేని నీళ్ళలో పిల్లలు పెడతాయా అన్నదే పరీక్ష, తొట్టిలో ఉప్పు గల్లు కూడా పడొద్దన్నావు. ఆనాటి నుంచి నాకు అదే ధ్యాస. పండుకున్నా అదే, లేచినా అదే.

నీవు చెప్పినట్టే అంతా చేశాను. వాగు ఇసుకను నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి గాజుతొట్టిలో పరిచాను. బావినీళ్ళు మూడు రోజులు గోలెంలో నిలవబెట్టి పోశాను. గుడ్లు పెట్టడానికి పగిలిన కుండ పెంకు ఒకటి వాల్చాను. దాంతో మీ అమ్మ నా మీదికి లేచింది. పగిలిన పెంక ఇంట్ల పెడ్తరా, ఎవరు సచ్చిండ్రు అని అడిగింది. నేను మంద కాడికి పోగానే దాన్ని పెంటలో పారేసి, కొత్త ముంత తెచ్చి తొట్టిలో దించింది. చేపలు దాని దిక్కు చూడనే లేదు. గీటికి గూడ నీ లెక్కనే పాతదే ఇష్టం అని నేనంటే, నేను ఇష్టమయ్యి ఉన్ననా, ఏరే దిక్కులేక ఉన్న అన్నది.

చివరికి ఆ పెంకు నేనే వెతికి, కడిగి మళ్ళీ పెట్టాను. నాలుగోనాడు పొద్దున చూస్తే దానినిండా ఆవగింజలంత గుడ్లు. ఒక చేప రెక్కలతో విసురుతుంటే ఇంకొకటి కావలి. దానికి ఆకలైతే ఇది వచ్చి నిలబడుతుంది. నలభై ఏండ్లు మంద కాసినవాణ్ణి, ఇంత శ్రద్ధగా నేనూ కాయలేదు.

ఇప్పుడు పిల్లలు జీలకర్రంత ఉన్నాయి. తల్లి ఒంటిని పట్టుకొని ఏదో గీక్కొని తింటున్నాయి. మీ అమ్మ తొట్టి ముందు పీట వేసుకొని, పాలు తాగుతున్నయి జూడు అంటుంది. చేపకు పాలుంటయా అంటే, కన్నదానికి ఎరుక, నీకేం ఎరుక అన్నది.

సంతోషంలో అక్షరాలు వంకరపోయాయి, సర్దుకొని చదువు.

ఇట్లు,
నిన్ను తలచుకొని మురిసే
బాపు మైసయ్య.

తా.క.: ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. మీ సారుకు సంగతి చెప్పకముందే ఇది చదువు. నీవు చెప్పినట్టే అంతా చేశానన్నది అబద్ధం. గుడ్లు పెట్టిన రెండోనాడు సగం గుడ్లకు తెల్లగా బూజు పట్టింది. నాకు చేతులాడలేదు. గొర్రెకు నోటిపుండు లేస్తే ఉప్పు రాసే చెయ్యి కదా, రెండు పిడికిళ్ళ రాళ్ళుప్పు తొట్టిలో కరిగించాను. ఆ తర్వాతే మిగిలిన గుడ్లు నిలిచాయి. సంతకు తోలే ముందు గొర్రెకు ఉప్పు నాకించి, కడుపునిండా నీళ్ళు తాగించి, ఆ పొట్ట చూపించి అమ్మేవాళ్ళను నడిబజారులో తిట్టిన మనిషిని నేను. నీచేత ఆ బేరం చేయించలేను. మీ సారుకు ఉన్నదున్నట్టు చెప్పు. కొలువు పక్కా కాకపోతే ఆ తప్పు నాది, నన్ను తిట్టుకో. పిల్లలు నా లెక్కకు నలభైమూడు, మీ అమ్మ లెక్కకు నలభైఆరు. ఒక్కటీ నిలకడగా ఉండదు. నీవే వచ్చి లెక్కపెట్టు.