మా పిడుగుని నీ దగ్గర ఉంచుకుంటావా?

అక్కయ్యకి,

నువ్వు, బావగారు కులాసా అని తలుస్తాను. మేమూ బాగున్నామని రాసి ముగించేద్దామనే కూర్చున్నాను. చేతకాలేదు.

అక్కా, మా పిడుగుని నీ దగ్గర ఉంచుకుంటావా? ఒక్క ఏడాది. మేము కాస్త నిలదొక్కుకునేదాకా.

హోటల్ లాండ్రీలో నా షిఫ్టు మధ్యాహ్నానికి మార్చారు. మీ మరిది కోల్డ్ స్టోరేజీలో మూటలు దింపి ఇల్లు చేరేసరికి సాయంత్రమవుతుంది. నేను వెళ్ళాక, ఆయన వచ్చేలోగా, నాలుగేళ్ళ పిల్లని చూసేవాళ్ళు లేరు. పని మానేస్తే ఒక్క జీతంతో అద్దె కడితే తిండి లేదు, తింటే అద్దె లేదు. మనిషిని పెట్టుకుందామంటే నా జీతమంతా ఆవిడ చేతిలో పోయాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని... రాయడానికి చెయ్యి రావడం లేదు. దాన్ని గదిలో ఉంచి బయట తాళం వేసి వెళ్తున్నాను.

అగ్గిపెట్టె అటక మీద పెడతాను. కిటికీ గడియ బిగిస్తాను. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, 'నాన్న వచ్చేదాకా బుద్ధిగా ఆడుకో' అంటాను. తలూపుతుంది. ఏడవదు. ఇల్లెగిరిపోయేట్టు అల్లరి చేస్తుందనే కదా దానికి పిడుగని పేరు పెట్టాం? అలాంటిది ఇప్పుడు ఊరికే తలూపుతోంది. మొన్న మీ మరిది తలుపు తియ్యగానే ఆయన కాళ్ళ మీదికి దొర్లిందిట. తలుపుకి ఆనుకునే నిద్రపోయింది.

నీకు పిల్లలు లేరు కాబట్టి అడుగుతున్నాననుకోకు. నాన్న పనిచేసే మిల్లు మూతపడ్డప్పుడు నువ్వూ రెండేళ్ళు పిన్ని ఇంట్లో పెరిగావుగా, నీకేం తక్కువైంది? కొత్త గౌను వేసుకుని రాణిలా తిరిగొచ్చావని అమ్మ ఎప్పుడూ చెప్పేది. మా పిడుగుకీ ఆ అదృష్టం ఉండనీ.

నీ చెల్లి


అక్కా, నా తల్లీ,

నువ్వు తిరుగు టపాలోనే సరేనన్నావు. బావగారికి సెలవు దొరకగానే వచ్చి తీసుకెళ్తానని, చిన్న మంచం కూడా చేయించానని రాశావు. అంత మంచి ఉత్తరానికి నెల దాటాక ఇలా జవాబు రాయాల్సి వస్తుందనుకోలేదు. డొంకతిరుగుడు ఎందుకు, పిడుగుని పంపడం లేదు. కోప్పడే ముందు జరిగింది విను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు లాండ్రీలో బాయిలర్ మొరాయించి మమ్మల్ని తొందరగా పంపేశారు. పరుగున వచ్చి మెట్లెక్కితే, మా గుమ్మం ముందు విజిలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కింద వాటాలో ఉంటుందావిడ. బస్సు కండక్టరుగా రిటైరైంది కానీ విజిల్ మాత్రం రిటైరవలేదు, మెట్ల మీద పిల్లలు తోసుకుంటే ఇప్పటికీ ఊదుతుంది. మూసిన తలుపుతో మాట్లాడుతోంది.

"ఈ స్టాపులో ఎవరెక్కారమ్మా?"

"ఏనుగు!" లోపల్నుంచి మా పిడుగు గొంతు.

"టికెట్టు తీసుకుందా?"

"ఎలా తీసుకుంటుంది? దానికి జేబు లేదుగా!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గంతా కోపమై, "మా గుమ్మం దగ్గర మీకేం పని?" అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

ఆవిడ కదల్లేదు. "ముందు తాళం తియ్యవే తల్లీ. తిట్లు ఎక్కడికీ పోవు," అంది.

తీశాక లోపలికొచ్చి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "మా వాణ్ణి నేనూ ఇలాగే తాళం వేసి డ్యూటీకి వెళ్ళేదాన్ని. అప్పుడు నన్ను అడిగినవాళ్ళు లేరు," అంది. ఆ మాటకి నా కోపం ఏమైపోయిందో!

కింద పాత టైర్ల గోడౌను ఉంది చూడు, దాన్ని ఈ చుట్టుపక్కల పనికి పోయే కుటుంబాలన్నీ కలిసి సంఘం పెట్టుకుని అద్దెకి తీసుకున్నాయి. రోజూ దాని ముందునుంచే వెళ్తూ ఏదో ట్యూషన్ అనుకున్నాను. ఎవరి షిఫ్టుని బట్టి వాళ్ళు వంతులవారీగా పిల్లల్ని చూస్తారు. తలా కొంత వేసుకుని, వయసైన ఇద్దరు ఆడవాళ్ళకి జీతమిచ్చి పెట్టుకున్నారు. పిడుగునీ అక్కడే వదలమంది విజిలమ్మ. నా పొగరు నీకు తెలుసుగా, "మేము ఒకరి దగ్గర చెయ్యి చాచేవాళ్ళం కాదు," అన్నాను.

"మా బండిలో ఫ్రీ పాసుల్లేవులే. ఆదివారం నీ డ్యూటీ. ఆలస్యమైతే విజిలే!" అంది.

నమ్మకం కుదరక నెలరోజులు చూసి రాద్దామని ఆగాను. ఈలోగా హోటల్లో గదులు ఖాళీగా ఉన్నాయని మా పనిరోజులు సగానికి కోశారు. ఇదివరకైతే వడ్డీవాడి గుమ్మం తొక్కేవాళ్ళం. ఈసారి అద్దెకి తక్కువైంది సంఘం నిధిలోంచి సర్దారు, వీలునుబట్టి తీర్చమన్నారు. సంఘంలో ఉన్న లాండ్రీ వాళ్ళమంతా కలిసి మేనేజరు దగ్గరికెళ్ళి, షిఫ్టు మార్చేటట్టయితే వారం ముందు చెప్పమన్నాం. ఒక్కదాన్నే వెళ్తే కసురుకునేవాడు. గుంపుని చూసి కుర్చీలు వేయించాడు! పై అంతస్తు ఆయన మీ మరిదికి మూటలెత్తే ఫోర్క్‌లిఫ్టు నడపడం నేర్పాడు. ఇప్పుడు ఈయన నడుం విరగ్గొట్టుకోనక్కర్లేదు, జీతమూ పెరిగింది.

పిడుగు మళ్ళీ పిడుగైంది. నిన్న గోడౌను గోడంతా బొగ్గుతో ఏనుగులు గీసి తిట్లు తింది. తాళంకప్ప తీసి విజిలమ్మకిచ్చేశాను. కానీ అక్కా, నీ మంచం తలుచుకుంటే తప్పు చేసినదానిలా ఉంది. నీకు ఆశ పెట్టి లాక్కున్నాను. నన్ను క్షమించు.

నీ చెల్లి


చెల్లాయ్,

నీ ఉత్తరం చదివి 'హమ్మయ్య!' అన్నాను. పక్కగదిలోంచి మీ బావగారు ఏమైందని కేకేశారు, అంత గట్టిగా అన్నాను.

ఆశ పడలేదంటే అబద్ధం. మంచం మీద పక్క కూడా వేసి చూసుకున్నాను. కానీ నీకు సరేనని రాసిన రోజునుంచీ గుండెల్లో ఒక బరువు. నాకేం తక్కువైందని అడిగావుగా? ఎవరికీ చెప్పని మాట, నీకు చెప్తున్నాను.

పిన్ని మంచిదే. పల్లెత్తు మాట అనలేదు. పని దొరకగానే వస్తానంది అమ్మ. రోజూ గేటు పట్టుకుని నిలబడేదాన్ని. తర్వాత ఎప్పుడో నిలబడడం మానేశాను. రెండేళ్ళకి అమ్మ వచ్చింది. నేను పిన్ని వెనక్కి నక్కి, "మీరెప్పుడొచ్చారు?" అన్నాను. అమ్మని, చెల్లాయ్. 'మీరు' అన్నాను. అమ్మ మొహం ఎలా అయిపోయిందో నేను మర్చిపోలేదు. నీకు గౌను సంగతే ఎందుకు చెప్పిందో ఇప్పుడు అర్థమైందా?

అమ్మ తప్పు లేదు. ఆ రోజుల్లో మనవాళ్ళకి చేయందించినవాళ్ళు లేరు, అంతే. నువ్వు అడిగితే కాదనలేకపోయాను కానీ, ఇంకో పిల్లని గేటు దగ్గర చూడగలనా అని లోపల్లోపలే హడలిపోయాను. నువ్వు నా దగ్గర లాక్కున్నదేమీ లేదు. నా నెత్తిమీది బండ దించావు.

వచ్చే నెల వస్తున్నాను. తీసుకెళ్ళడానికి కాదు, పదిరోజులు ఉండడానికి. పెద్దమ్మలకీ డ్యూటీ వేస్తుందేమో విజిలమ్మని అడుగు. జడలు వెయ్యడంలో నాది తిరిగిన చెయ్యి, నీకు తెలుసుగా.

ఒక్క సంగతి. పెద్దవాళ్ళని గౌరవించాలని చెప్పి, నన్ను 'మీరు' అనడం మాత్రం దానికి నేర్పకు. నోరారా 'నువ్వు' అననీ.

అక్క