మాదమ్మాళ్ గోడ

పిక్కిలి ఊరి మేస్త్రీ హనుమంతప్ప కూతురు చిక్కమ్మనైన నేను, వయసు డెబ్బై ఒకటి, ధర్మపురి జిల్లా హరూర్‌లో కాపురం, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మోకాళ్లు అరిగినా బుద్ధి అరగలేదని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. మనవాళ్లు చదివినా తమిళ బడుల్లోనే చదివారు, తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకే దీని అమలు బాధ్యత అప్పగిస్తున్న నా శిష్యురాలు సుగన్య అందరినీ కూర్చోబెట్టి పైకి చదవాలి. ధర్మేంద్ర మధ్యలో లేచి వెళ్లకుండా చూడాలి.

1. నేను కాపురముంటున్న ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తమ్ముడి కొడుకు ధర్మేంద్రకు చెందుతుంది. వాడు మంచివాడు. జ్వరమొస్తే కంజి కాచి తెచ్చేది వాడే. కానీ ఇంటి వెనకున్న షెడ్డు మీద వాడికి ఏ హక్కూ లేదు. "ఈడ అంగళ్లు కట్టిస్తే నీకే మేలు గదత్తా" అని వాడు అన్నప్పుడల్లా నేను చెవిటిదాన్నయినాను. ఇప్పుడు జవాబు చెబుతున్నాను: వద్దురా.

2. సదరు షెడ్డు, దాని కింది స్థలం, ఇటుకలు, ఇసుక నా శిష్యురాలు మాదమ్మాళ్‌కు చెందుతాయి. సిమెంటు తట్టలు మోసే ఆడవాళ్లకు గోడ కట్టడం నేర్పే సాయంకాలపు బడి అందులో నడిచినంతకాలం ఎవరూ దాన్ని అమ్మరాదు, కూల్చరాదు.

3. షెడ్డులో తూర్పువైపున్న వంకర గోడను ఎవరూ ముట్టుకోకూడదు. మా బడిలో సిమెంటు బదులు మట్టి పెట్టి ఇటుక గోడ కడతాం. దారానికి గుండు వేలాడదీసి నిలువు చూసుకుంటాం. తర్వాత విప్పి, ఇటుకలు కడిగి పేర్చిపెడతాం. ఇటుకలు కొనే స్తోమత లేక పెట్టుకున్న పద్ధతి అది. మొదటి జట్టులో చేరిన మాదమ్మాళ్ పనిచోట మిగిలిన సిమెంటు కొంగులో మూటగట్టి తెచ్చి మట్టిలో కలిపేసింది. మరునాడు ఎంత పెకిలించినా గోడ రాలేదు. "మా ఆయన వచ్చి సూసేదాకన్నా నిలవాల గదా టీచరమ్మా" అని ఏడ్చింది. ఆయన వచ్చాడు, తల పక్కకు వంచి చూశాడు, ఆ గోడ మీదే కూర్చుని నవ్వాడు. ఆ వారమే తన చెల్లెల్ని కూడా బడికి పంపాడు. ఆ గోడంటే నాకు ప్రాణం.

4. కంట్రాక్టరు తంగరాజ్‌కు ఏమీ లేదు. ఆయన ఇంటి గోడలు మా ఆడవాళ్లే లేపారు. గృహప్రవేశంనాడు కట్టినవాళ్లకు పెట్టే పంచె, తుండు మాత్రం వాళ్ల మొగుళ్ల చేతుల్లో పెట్టాడు. నేను మరిచిపోలేదు. ఆనాడు మాదమ్మాళ్‌కు రాని కొత్తబట్టకు బదులు నా పెట్టెలోని మడత విప్పని ఆకుపచ్చ పట్టుచీర ఆమెకు చెందుతుంది. దాచుకోకుండా కట్టుకోవాలి.

5. నాన్న తాపీ. ఆడపిల్ల కట్టిన గోడ నిలవదని, నాకు అందకుండా దాన్ని అటక మీద దాచేవాడు. ఆయన పోయాక తమ్ముడు దించి నా చేతిలో పెట్టాడు. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. బడిలో ఎవరు కొత్తగా చేరితే మొదటి రోజు వాళ్ల చేతిలో ఉండాలి.

6. మన ఆచారం ప్రకారం నన్ను పిక్కిలిలో నాన్న పక్కన పూడ్చి, పైన చిన్న సమాధి కట్టండి. బడి ఇటుకలతో, మా ఆడవాళ్లే కట్టాలి. సిమెంటు వద్దు, మట్టి చాలు. గుండు వేలాడదీసి చూసుకోండి, నాన్న పక్కనుంచి చూస్తుంటాడు. తర్వాత కొత్త జట్టు చేరగానే దాన్ని విప్పి, ఇటుకలు కడిగి, వాళ్లకివ్వండి. కొత్తగా చేరిన తల్లులారా, సమాధి ఇటుకలని భయపడకండి, అవి మీవే. నాకు గుర్తుగా మాదమ్మాళ్ గోడ ఉంది.

హరూర్, 14 జూన్ 2006

(సంతకం) హ. చిక్కమ్మ

మా ఎదుట చదివించుకుని సంతకం చేసినారు. సాక్షులు:
బాలాజి, ఎదురింటివాడు
ముత్తుసెల్వి, బడిలో ఈ వారం చేరినది