కంప్రెసర్ ఎక్కడ బిగించానంటే

శ్రీమతి సర్వేయరు గారికి,

ఇక్కడ నేను క్షేమం. షెడ్డు క్షేమం, బండి క్షేమం, నువ్వు నాకు అప్పగించి వెళ్ళిన మూడు మొక్కల్లో రెండు క్షేమం. మూడోదాని సంగతి అడగకు. ఆ సొరంగం దుమ్ములో నీ దగ్గు తగ్గిందనీ, ఫోను పలకని ఆ కొండల్లో నువ్వు కంటినిండా నిద్రపోతున్నావనీ తలుస్తాను. నీ ఉత్తరం బుధవారం సరుకుల వ్యానులో వచ్చింది. వ్యాను శనివారం మళ్ళీ మీ క్యాంపుకు వెళ్తుందట, ఇది డ్రైవరు చేతికిస్తాను.

పంతులమ్మలా నంబర్లు వేసి మరీ నాలుగు ప్రశ్నలు అడిగావు. మొదటిదానికి జవాబు, వంటగది పైకప్పు కారడం లేదు. మొన్నటి వానకు గిన్నె పెట్టి చూశాను, చుక్క పడలేదు. రెండోది, మీ చెల్లి ఉత్తరంలో అక్షరాలు కోడి గెలికినట్టు ఎందుకున్నాయన్నది. కాస్త ఆగి చెబుతాను. ప్రాణానికి భయమేమీ లేదు. తింటోంది, నవ్వుతోంది, నన్ను తప్ప అందర్నీ తిడుతోంది. మూడోది, నీ మరిదితో మాట కలిపానా అని. నాలుగోది, టైర్లలో గాలి నింపే కంప్రెసర్ మన బండిలో నువ్వు చెప్పినట్టు సీటు కింద పెట్టానా అని. ముందు నాలుగోదే చెబుతాను, మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

బానెట్ కింద పెట్టలేదు. బ్యాటరీ పక్కన చోటుంది, వైరు మూరెడు చాలు, కానీ అక్కడ ఇంజను వేడికి కంప్రెసర్ వేడి తోడైతే రెండు టైర్లు నింపేసరికే ఆయాసపడి ఆగిపోతుంది. వెనక సామాన్ల దగ్గర చల్లగా ఉంటుంది గానీ, నీ ముక్కాలి స్టాండూ కొలతల పెట్టే నెత్తిన పెట్టుకుంటావా? నువ్వు చెప్పిన సీటు కింద చోటు నిజంగా మంచిది. నీళ్ళు రావు, బురద రాదు, వంగితే చేతికందుతుంది. మంచిదని తెలిసీ అక్కడ పెట్టలేదు. డ్రైవరు తలుపు కింద, బండి అడుగున ఉండే ఛాసిస్ పట్టీకి బయటివైపు ప్లేటు వేసి, నాలుగు బోల్టులతో బిగించాను. బురద చిమ్మేది అక్కడే, వాగులో దిగితే మొట్టమొదట మునిగేదీ అక్కడే.

"మతి ఉందా?" అంటావు. ఉంది. మూడేళ్ళుగా ఈ ఒక్క పనికే దాచుకున్నాను.

ఇక మూడో ప్రశ్న. నా షెడ్డు రోడ్డుకు ఈ పక్క, నీ మరిది షెడ్డు ఆ పక్క. పొద్దున్నే ఇద్దరం ఒకేసారి షట్టర్లు లేపుతాం, ఒకరి మొహం ఒకరు చూసుకోం. నేను గోడకు ఏ రంగు వేస్తే వారం తిరిగేసరికి వాడి గోడకూ అదే రంగు. మా పెయింటరు పొరపాటున బోర్డు మీద మెకానిక్కు బొమ్మకు స్పానరు ఎడమచేతిలో పెట్టాడు, వాడి బోర్డులోనూ ఎడమచెయ్యే! పేటంతా వాణ్ణి కార్బన్ అని పిలుస్తుంది. ఆ పేరు పెట్టింది నేనే, సిగ్గేమీ లేదు.

అయితే కాపీ కొట్టాడని కాదు నా కడుపుమంట. ఆ పికప్ బండి తగలబడిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. వాడు అప్పుడు నా దగ్గరే పనిచేస్తున్నాడు. కంప్రెసర్ వైరుకు ఫ్యూజు వెయ్యడం మరిచిపోయింది వాడు. వైరు ఒరుసుకుని డ్యాష్‌బోర్డంతా కాలి బొగ్గయితే, ఓనరు వచ్చి పట్టుకున్నది నా కాలరు. నువ్వు నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళి, "మా చెల్లి మీ తమ్ముణ్ణి చేసుకుని రెండు నెలలు కూడా కాలేదు. మొగుడు చేతకానివాడని ఇప్పుడే తెలియాలా? ఈ ఒక్కసారికి నువ్వే అనిపించుకో" అన్నావు. అనిపించుకున్నాను. నలుగురి ముందూ "తప్పు నాది" అన్నాను. నెల తిరక్కుండా వాడు ఎదురుగా షట్టరు లేపి, వచ్చిన ప్రతివాడితోనూ "అటు వెళ్ళకండి సార్, అక్కడ బండ్లు తగలబడతాయి" అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇంకెలా ఉంటుంది? ఆ మాట విన్నప్పుడల్లా ఊరుకోమని నువ్వు నా చెయ్యి నొక్కేదానివి. నువ్వు సొరంగానికి వెళ్ళాక నొక్కేవాళ్ళు లేకపోయారు.

అందుకే ఆ చోటు ఎంచుకున్నాను. బండిని రోడ్డువైపు ర్యాంపు ఎక్కించి మూడు రోజులు దించలేదు. వాడి గుమ్మంలోంచి చూస్తే ఆ కంప్రెసర్ పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కనబడుతుంది. కనబడనిది ఒకటుంది. నా కంప్రెసర్ కింద గాలి పీల్చదు. ప్లేటు వెనకనుంచి ఒక గొట్టం ఛాసిస్ లోపలికి, అక్కడినుంచి తలుపు స్తంభంలోకి ఎక్కించి, పైకప్పు అంచు కింద దాని మూతి పెట్టాను. సీట్లు మునిగేంత నీళ్ళలోనూ దానికి ఊపిరాడుతుంది. చూసేవాడి కోసం కింద ఒక ఉత్తుత్తి ఫిల్టరు బిగించాను. అది గాలి పీల్చదు, ముస్తాబు అంతే.

నేను భోంచేసి వచ్చేసరికి ప్లేటు మీది దుమ్ములో వేలిముద్రలు. ఇరవై రోజుల్లో వాడి షెడ్డులోంచి నాలుగు బండ్లు అదే చోట కంప్రెసర్‌తో బయటికొచ్చాయి. నా డ్రిల్లు జారి ప్లేటులో పనికిరాని ఐదో రంధ్రం ఒకటి పడింది. వాడి ప్లేట్లలోనూ ఆ రంధ్రం ఉంది, మక్కికి మక్కి! పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అనుకుంటూ స్టూలు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. మొదటి వాన పడనీ, ఏదో ఒక బండి వాగులో దిగనీ, దాని కంప్రెసర్ నీళ్ళు తాగనీ అనుకున్నాను. వాడి షెడ్డు ముందు ఓనరు వాడి కాలరు పట్టుకోవడం చూడాలని రోజూ కుర్చీ రోడ్డువైపు తిప్పుకుని టీ తాగేవాణ్ణి. ఆ రోజులు ఎంత హాయిగా గడిచాయో నీకు అబద్ధం చెప్పను.

ఇక రెండో ప్రశ్న.

పన్నెండు రోజుల క్రితం కొండవాలులో ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే మీ చెల్లి తన జీపేసుకుని వెళ్ళింది. దూడను క్షేమంగా తీసింది. తిరుగుదారిలో వాగు పొంగింది. బురదలో పట్టు కోసం టైర్లలో గాలి సగం తీసి దాటింది. అవతల గట్టున మళ్ళీ నింపుదామంటే కంప్రెసర్ నీళ్ళు పీల్చి బిగుసుకుపోయింది. అలాగే మెల్లగా రాళ్ళమీద నడిపితే ముందు టైరు రిమ్ము వదిలేసింది. సాయం కోసం కాలినడకన బయల్దేరి తడి బండమీద జారింది. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. ఎముక అతుకుతుందన్నాడు డాక్టరు. పట్టు మునుపటిలా వస్తుందో రాదో ఆరు నెలలయితే గానీ చెప్పలేనన్నాడు. పశువుల డాక్టరు కుడిచేతి పట్టంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? అందుకే నీకు ఎడమచేత్తో రాసింది. "జారిపడ్డానంతే" అని రాసి ఉంటుంది, నువ్వు కంగారు పడతావని.

ఆమె జీపుకూ వాడు కంప్రెసర్ పెట్టాడని నాకు తెలియదు అని రాద్దామనుకున్నాను. రెండు కాగితాలు అలాగే రాసి చించేశాను. తెలుసు. ప్రమాదానికి నాలుగు రోజుల ముందు జీపు మన షెడ్డు ముందు ఆపి దిగింది. "బావా, మీ తమ్ముడుగారు కొత్తగా బిగించారు. ఆయన పని మీద నాకు నమ్మకమేలే, అయినా మీరొకసారి చూడండి" అంది నవ్వుతూ. టార్చి తీసుకుని వంగాను. అదే చోటు, అవే బోల్టులు, అదే ఐదో రంధ్రం. చెప్పాలని నోటిదాకా వచ్చింది. తల ఎత్తేసరికి రోడ్డు అవతల వాడు చేతులు కట్టుకుని, నా నోట్లోంచి ఏం వస్తుందా అని చూస్తున్నాడు. పెళ్ళాం బండే దారిలో ఆగిపోతే వాడి పరువు ఎంత చక్కగా పోతుందో అనిపించింది. "బాగుందమ్మా" అన్నాను. బండి ఆగడం వరకే అనుకున్నాను. ఆమె దిగి నడుస్తుందనీ, పడుతుందనీ నా ఊహలో లేదు. లేదని చెప్పుకోవడం కూడా సాకేనని నాకు తెలుసు.

ఆసుపత్రి వరండాలో వాడు గోడకు ఆనుకుని నిలబడి, వచ్చినవాళ్ళందరితో "తప్పు నాది, చోటు తప్పు పెట్టాను" అన్నాడు. మూడేళ్ళుగా వాడి నోట ఆ మాట వినాలని ఎదురుచూశాను. విన్నాను. అన్నం సయించలేదు. అదే వారంలో మిగతా మూడు బండ్లనూ వెనక్కి పిలిపించి కంప్రెసర్లు విప్పేశాడు.

మొన్న సోమవారం రోడ్డు దాటి మన షెడ్డులోకి వచ్చాడు. నేనుండగా రావడం మూడేళ్ళలో మొదటిసారి. "నీది మునగదా అన్నయ్యా?" అన్నాడు. నేను స్పానరు అందుకున్నాను. "ఒక్కసారి ఆన్ చెయ్యి" అని నేలమీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. ఆన్ చేశాను. వాడు అరచెయ్యి తెచ్చి ఫిల్టరుకు ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. పీల్చడం లేదు కదా! చెయ్యి తీసి ప్లేటు వెనకాల వేళ్ళతో తడిమాడు, గొట్టం దొరికింది. బయటికొచ్చి చొక్కా దులుపుకుని "అలాగా" అన్నాడు. ఆ ఒక్క మాటే. నేను స్పానరు పట్టుకుని నిలబడ్డాను, మీదికొస్తే రానీ అని. రాలేదు, వెళ్ళిపోయాడు.

నిన్న సాయంత్రం మీ చెల్లి చేతికి కట్టుతో మన షెడ్డుకు వచ్చింది. వాడూ వెనకాలే వచ్చాడు. స్టూలు మీద కూర్చుని సూటిగా నన్నే అడిగింది. "బావా, ఆ రోజు మీరు టార్చి వేసి మరీ చూశారు కదా. బాగుందన్నారు. మీకు కనబడని తప్పు ఏముంది అందులో?"

నేను గోడకు వేలాడుతున్న టార్చి వంక చూశాను. వాడే అందుకున్నాడు. "అన్నయ్య చూసినప్పుడు బాగానే ఉంది. ఆ మర్నాడు నేనే గొట్టం పీకేసి ఫిల్టరు కింద పెట్టాను, పని తగ్గుతుందని. అన్నయ్యకేం తెలుసు?"

ఆమె వాడి వంక ఎలా చూసిందనుకున్నావు! "నీ చేత్తో నా బండి ముట్టుకోకు ఇంక. బావగారే చేస్తారు" అని లేచి వెళ్ళిపోయింది. వాడు మాత్రం గుమ్మం దగ్గర ఆగాడు. "ఆ పికప్ రోజున నువ్వెలా ఊరుకున్నావా అని మూడేళ్ళుగా అనుకుంటున్నాను అన్నయ్యా" అన్నాడు నెమ్మదిగా. "ఇంత కష్టమని తెలీదు."

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. వాడంటే జాలి పుట్టిందనుకోకు, మంట ఇంకా అలాగే ఉంది, నిజానికి పెరిగింది. నా రంగులు, నా బోర్డు, నా ప్లేట్లు అన్నీ కాపీ కొట్టి అన్నిట్లోనూ ఏదో ఒకటి చెడగొట్టాడు. ఇదొక్కటి మాత్రం నేను చేసిన దానికంటే బాగా చేశాడు. నేను తప్పు మీద వేసుకున్నప్పుడు నువ్వు పక్కన నిలబడి చెయ్యి నొక్కావు. వాడు పెళ్ళాం ముందే చిన్నబోయి ఒంటరిగా వెళ్ళాడు. ఇక జీవితాంతం రోడ్డు అవతల షట్టరు లేపుతూ నన్ను క్షమించి చూస్తుంటాడు. అది నేను భరించలేను. వాడి మంచితనం కింద బతకడం కంటే ఆమె చేత చెప్పుదెబ్బలు తినడం నయం.

రేపు పొద్దున కట్టు మార్పించడానికి ఆమెను నేనే ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాను. దారిలో బండి ఆపి, దింపి, ఆ గొట్టం చూపించి అంతా చెబుతాను. పికప్ సంగతి మాత్రం నేను చెప్పను, అది వాడే చెప్పుకోవాలి. చెల్లి కాపురం అంటూ ఈసారి కూడా నువ్వు "ఊరుకో" అని రాస్తావని తెలుసు. అందుకే ఈ ఉత్తరం ఆమెకు చెప్పి వచ్చాకే వ్యానుకిస్తాను.

ఇట్లు,
మీ చెల్లికి ఇప్పటికింకా మంచి బావ,
నీ భర్త